లంక ఇసకలో ఏటీవీ ఇంజన్ రెండోసారి పట్టేసింది, వేడి ఎక్కడ పుడుతోందో చెప్పండి

లంకపొలం

అన్నలూ, కాస్త సాయం కావాలి. మాది కొల్లిపర వైపు, కృష్ణ ఒడ్డున లంకలో అరటి, కంద, కొంచెం పసుపు. కట్ట దిగాక పొలం దాకా కిలోమీటరున్నర అచ్చంగా ఇసకే. ట్రాక్టర్ పోతుంది కానీ ఒక మందు డ్రమ్ముకో నాలుగు గెలలకో ట్రాక్టర్ తీయలేం కదా, అందుకని రెండేళ్ళ కిందట పాత యమహా ఆర్ఎక్స్ 135 బైక్ ఇంజన్ (టూ స్ట్రోక్, అంటే పెట్రోల్‌తో పాటు ఆయిలూ కాలే రకం) ఒకటి కొని దానికి నాలుగు చక్రాల ఛాసిస్ వెల్డింగ్ చేయించాను, అదే మా ఏటీవీ. రోడ్డెక్కించేది లేదు, పొలం పనికే. ఆయిల్ పంపు తీసేయించి 2టీ ఆయిల్ పెట్రోల్లోనే కలిపి పోస్తున్నా.

మొదటిసారి సంక్రాంతి ముందు, పొద్దున్నే మంచులో, స్టార్ట్ చేసి గెలలు వేసుకుని బయలుదేరిన రెండు నిమిషాలకే కిర్రుమని ఆగిపోయింది. బ్లాకు (సిలిండర్) లోపల బోరింగ్, అంటే గోడ చెక్కించి నున్నగా చేయించి, ఓవర్‌సైజు పిస్టన్ వేయించాను. మళ్ళీ మొన్న శుక్రవారం మధ్యాహ్నం, డ్రమ్ము నిండా నీళ్ళతో రెండో గేరులో ఫుల్ రేస్ మీద పోతుంటే ముందు పికప్ తగ్గింది, తర్వాత వెనక చక్రాలు ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. అరగంట ఆగాక కిక్కు కదిలింది, బ్లాక్ విప్పితే గీతలు.

మెకానిక్ ఏమో మన ఎండకి ఎయిర్ కూల్డ్ ఇంజన్ అంతే, ఫ్యాన్ పెట్టు అన్నాడు. నేను భయపడి లీటరుకి 25 ఎంఎల్ పోసే ఆయిల్‌ని అప్పటికే 50 చేశాను కూడా. అయినా పట్టేసింది. ఇంకో బోరింగ్‌కి డబ్బు పెట్టేముందు అసలు కారణం తెలుసుకోవాలని ఉంది.

బెజవాడ_135

బ్రదర్, జెట్ పెంచు, అదే కార్బొరేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం. మెయిన్ జెట్ రెండు సైజులు పెద్దది వేస్తే పెట్రోల్ ఎక్కువ పడి ఇంజన్ చల్లగా ఉంటుంది. నా బండికి ఇదే చేశా, బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో మే నెలలో కూడా ఏ ఇబ్బందీ లేదు.

గడ్డిపరక

కంప్యూటర్ ఫ్యాన్లు రెండు హెడ్ ముందు బిగించండి, చవకలో పని అయిపోతుంది.

పాత_ఆటోషెడ్డు

బాబూ, ఆగు. ఏదీ బిగించకు, ఏదీ మార్చకు. ముందు రెండు పిస్టన్లూ ఉన్నాయా నీ దగ్గర? పాతది పారేయకుండా ఉంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి, సైలెన్సర్ వైపు ఏదో గుర్తు పెట్టి ఫొటో పెట్టు. గీతలు ఎక్కడ పడ్డాయన్నదే సగం జవాబు.

నేను గుంటూరులో 20 ఏళ్ళు ఆటోల షెడ్డు నడిపాను, ఎక్కువ భాగం టూ స్ట్రోక్ బండ్లే. పట్టేసిన ప్రతి ఇంజన్‌కీ ఎండే కారణమైతే రెంటచింతలలో ఒక్క ఆటో కూడా తిరగకూడదు మరి.

లంకపొలం

బాబాయ్ గారూ, రెండూ ఉన్నాయి. ఫొటో పెట్టాను చూడండి. జనవరిది ఎడమవైపు. దానికి చుట్టూ నాలుగు చోట్ల, సమాన దూరంలో, నిలువుగా మచ్చల్లాగా అరిగింది. మొన్నటిది సైలెన్సర్ వైపు ఒక్కచోటే బాగా గీసుకుపోయి రింగు మీదికి లోహం పూసినట్టుంది, మిగతా వైపు దాదాపు కొత్తదే. పిస్టన్ పైభాగం ఎక్కువగా తెల్లబూడిద రంగు. ప్లగ్గు కూడా తెల్లగానే ఉంది, పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు చిన్న చిన్న చుక్కలు.

పాత_ఆటోషెడ్డు

అదీ సంగతి. నువ్వు ఒకే రోగం రెండుసార్లు వచ్చిందనుకుంటున్నావు, ఇవి రెండూ వేరు.

జనవరిది చలికి పట్టేసింది. నాలుగు మూలలా సమానంగా గీస్తే అదే గుర్తు. పొద్దున్నే చల్లటి బ్లాకు, స్టార్ట్ చేసీ చేయగానే లోడు. లోపల పిస్టన్ గబగబా వేడెక్కి ఉబ్బుతుంది, బయట బ్లాకు ఇంకా చల్లగానే ఉంటుంది, మధ్యలో ఖాళీ చాలదు. దానికి మందు ఒక్కటే, రెండు మూడు నిమిషాలు మెల్లగా తిరగనిచ్చి, బ్లాకు రెక్కల మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలాక లోడు వెయ్యాలి. మా షెడ్డులో కుర్రాళ్ళకి మొదటి రోజు నేర్పేది ఇదే.

మొన్నటిది వేరు. సైలెన్సర్ వైపు ఒక్కచోట గీసిందంటే అక్కడ వేడి మితిమీరింది. పిస్టన్‌లో ఎప్పుడూ ఎక్కువ వేడి తినేది ఆ వైపే, కాలిన గ్యాసంతా అటే పోతుంది కదా. తెల్ల ప్లగ్గు, తెల్ల పిస్టన్ అంటే పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ. ఆ చుక్కలు మిరియాలూ కాదు మసీ కాదు, పిస్టన్ నుంచి ఊడిన అల్యూమినియం. గాలి ఎటునుంచి ఎక్కువైందో పట్టుకోవాలి. యాక్సిలరేటర్ వదిలితే ఇంజన్ వెంటనే స్లోలోకి దిగుతోందా?

లంకపొలం

లేదు బాబాయ్! చాలా రోజులుగా అదే బాధ. వదిలాక కూడా రెండు మూడు సెకన్లు పైనే తిరిగి అప్పుడు దిగుతుంది. వేడెక్కాక మరీ ఎక్కువ. స్లో స్క్రూ తిప్పి తిప్పి విసిగిపోయి కేబుల్ పట్టేస్తోందని కేబుల్ కూడా మార్చా.

వేడిలెక్కలు

బాబాయ్ గారు చెప్పినదానికి నేను కొన్ని లెక్కలు కలుపుతాను. నేను మెకానికల్ చదివాను, ఇక్కడ విజయవాడలో ఇంజన్ ల్యాబ్‌లో కొంతకాలం పనిచేశాను.

ముందు జనవరి సంగతి. ఆర్ఎక్స్ 135 బోరు 58 మిల్లీమీటర్లు, స్ట్రోకు 50. పిస్టన్ అల్యూమినియం, లోపలి స్లీవు పోత ఇనుము, అల్యూమినియం దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. వంద డిగ్రీలు పెరిగితే 58 మిల్లీమీటర్ల పిస్టన్ సుమారు 0.12 మిల్లీమీటర్లు ఉబ్బుతుంది, స్లీవు అంతే వేడెక్కినా 0.06 మాత్రమే. మధ్యలో లేత్ షాపు ఇచ్చే ఖాళీ మిల్లీమీటరులో కొన్ని నూరో వంతులే. పిస్టన్ ముందు పరిగెత్తి బ్లాకు వెనకబడితే ఏమవుతుందో చూశారుగా.

రెండోది, బెజవాడ బ్రదర్ జెట్ సంగతి. చల్లగాలి చిక్కగా ఉంటుంది. 45 డిగ్రీల గాలి కంటే 20 డిగ్రీల గాలి సుమారు 8 శాతం ఎక్కువ సాంద్రత. అంటే మే నెల మధ్యాహ్నం సరిగ్గా కుదిరిన జెట్ జనవరి తెల్లవారుజామున పలచన అవుతుంది. ఎండాకాలం కాబట్టి జెట్ పెంచాలి అనుకోవడం తిరగేసిన లెక్క. మిశ్రమం పలచబడే ప్రమాదం చలికాలంలోనే ఎక్కువ, ఎండాకాలంలో ఇంజన్ బాధ వేరు, రెక్కల్ని తాకే గాలే వేడిగా ఉండి వేడిని తీసుకెళ్ళలేదు.

మూడోది మనవాళ్ళు మర్చిపోయేది, పెట్రోల్. ఇథనాల్ 20 శాతం కలిపిన ఇ20 అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది, ఇప్పుడు ఏ బంకుకి వెళ్ళినా దాదాపు అదే. స్వచ్ఛమైన పెట్రోల్ పూర్తిగా కాలడానికి ఒక పాలు ఇంధనానికి 14.7 పాళ్ళ గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు, ఇ20కి లెక్క వేస్తే సుమారు 13.5. ఇంజక్షన్ బండిలో సెన్సర్ చూసుకుని ఇంధనం పెంచుకుంటుంది. 1990ల కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు, పాత జెట్ లోంచి అంతే ఇంధనం వదులుతుంది. అంటే మీరు ఏ స్క్రూ తిప్పకుండానే బండి ఏడెనిమిది శాతం పలచబడింది.

బెజవాడ_135

మేడమ్, అంటే జెట్ పెంచడం కరెక్టే కదా చివరికి?

వేడిలెక్కలు

పెంచాల్సి రావచ్చు, ఒప్పుకుంటాను. కానీ వదిలాక స్లో దిగట్లేదంటే ఎక్కడో గాలి లీకై లోపలికి వస్తున్నట్టే, అలా లీకు ఉన్న ఇంజన్‌కి జెట్ పెంచడం అంటే కుండకి చిల్లు పెట్టుకుని నీళ్ళు ఎక్కువ పోయడం. ఫుల్ రేస్‌లో సరిపోయినట్టు కనబడుతుంది, సగం రేస్‌లోనో వదిలినప్పుడో మళ్ళీ పలచనే. పైగా లీకు రోజురోజుకీ పెద్దదవుతుంది, జెట్ అక్కడే ఉంటుంది.

లంకపొలం గారూ, ఆయిల్ గురించి కూడా. మీరు 25 నుంచి 50కి పెంచారు. జెట్ లోంచి పోయే ద్రవం అంతే, అందులో ఆయిల్ భాగం పెరిగితే పెట్రోల్ భాగం తగ్గుతుంది. జారుడు పెరిగింది, కానీ మిశ్రమం ఇంకాస్త పలచబడింది. మీరు మంచి అనుకుని చేసింది కొంత ఎదురు తిరిగింది. 25 నుంచి 30 మధ్య, డబ్బా మీద జాసో (జపాన్ ఆయిల్ ప్రమాణం) ఎఫ్‌సీ గానీ ఎఫ్‌డీ గానీ ఉన్న ఆయిల్ చాలు. పడవ ఇంజన్లకి అమ్మే టీసీడబ్ల్యూ3 మాత్రం వద్దు, అది నీటితో చల్లబడే ఇంజన్ల వేడికి చేసినది. లంకల్లో పడవలవాళ్ళ దగ్గర దొరుకుతుందని చాలామంది అదే పోసేస్తారు.

కలిపిన పెట్రోల్ ఎన్నాళ్ళు ఉంచుతారు?

లంకపొలం

పొలంలో పాకలో 20 లీటర్ల క్యాన్‌లో కలిపి పెట్టుకుంటా మేడమ్. నెల, ఒక్కోసారి రెండు నెలలు.

వేడిలెక్కలు

అది ఆపేయండి. ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, ఏటి ఒడ్డు పాకలో ఇంకా ఎక్కువ. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి అడుగుకి దిగిపోతాయి, పెట్రోల్ పైన ఉంటుంది, మీరు కలిపిన ఆయిల్ పెట్రోల్‌తోనే పైన ఉండిపోతుంది. ట్యాంకు కాక్ లాగేది అడుగునుంచి. ఆయిల్ లేని ద్రవం ఇంజన్‌కి వెళ్తే ఎంత సేపు బతుకుతుంది? వారానికి సరిపడా కలుపుకోండి, గాజు సీసాలో పోసి చూస్తే అడుగున వేరే పొర ఉందో లేదో తెలిసిపోతుంది.

కొండవీడు_డౌన్

మధ్యలో నా సంగతి చెప్తా, ఎవరికైనా పనికొస్తుందని. నా ఆర్ఎక్స్ 100 పోయిన ఏడాది కొండవీడు ఘాట్ ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు పట్టేసింది. ఎక్కేటప్పుడు ఫుల్ రేస్ మీద బాగా వేడెక్కింది, పైన పది నిమిషాలే ఆగాం, దిగేటప్పుడు గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేశా. ఇంజన్ స్పీడుగా తిరుగుతోంది, పెట్రోల్ రావట్లేదు, పెట్రోల్ రాకపోతే ఆయిలూ రాదు. మూడో మలుపులో వెనక చక్రం లాక్ అయింది, క్లచ్ పట్టబట్టి పడకుండా బయటపడ్డాం, వెనక మా చెల్లెలు కూర్చుని ఉంది. అప్పటినుంచి దిగుడులో ప్రతి కాసేపటికీ ఒకసారి చిన్నగా రేస్ ఇస్తా, క్లచ్ మీద రెండు వేళ్ళు ఎప్పుడూ ఉంటాయి. ఇసకలో ఫుల్లుగా లాగించి ఒక్కసారి వదిలేసినా ఇదే.

పాత_ఆటోషెడ్డు

మంచి మాట చెప్పావు బాబూ. క్లచ్ మీద వేళ్ళు అన్నది అందరూ గుర్తుపెట్టుకోండి.

ఇక ఫ్యాన్ సంగతి. ఆటోకి, చేతక్ స్కూటర్‌కి మ్యాగ్నెటో (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే చక్రం) మీదే రెక్కల ఫ్యాన్ ఉంటుంది, దాని చుట్టూ, బ్లాకు చుట్టూ రేకు కవరు. చాలామంది మెకానిక్‌లు హెడ్ విప్పడానికి అడ్డమని ఆ కవరు తీసి మళ్ళీ బిగించడానికి బద్ధకించేవాళ్ళు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, వారంలో ఇంజన్ పట్టేసి వచ్చేది. గాలి ఉంటే చాలదు, రెక్కల మధ్యలోంచే దూరి వెళ్ళేట్టు దారి కట్టాలి, లేకపోతే అది తేలికైన దారి చూసుకుని పక్కనుంచి పోతుంది. అందుకే కంప్యూటర్ ఫ్యాన్లు పనికిరావు, అంత ఇరుకు రెక్కల్లోకి తోసే బలం వాటికి లేదు. పెద్ద కరెంటు ఫ్యాన్ పెడదామంటే ఆ మ్యాగ్నెటో అంత లోడు లాగదు.

ఆర్ఎక్స్ ఇంజన్ బైక్ మీద ఎదురుగాలికి చేసినది. నీ బండి ఫొటోలో చూస్తే ముందు మడ్‌గార్డులు రెండూ కలిసిపోయి మధ్యలో రేకు కొట్టించావు, ఇంజన్ దాని వెనక చీకట్లో ఉంది. ఆ రేకుకి కిటికీ కొయ్యి.

విదేశీ_చక్రాలు

నిజమే బాబాయ్. యమహా బ్లాస్టర్ అని ఒక ఏటీవీ ఉండేది, 195 సీసీ, గాలితో చల్లబడే టూ స్ట్రోకే, 1988 నుంచి 2006 దాకా తయారైంది. ఫ్యాన్ లేదు, రేడియేటర్ లేదు, ఇసక దిబ్బల మీద ఏళ్ళ తరబడి తిరిగాయి. బ్లాకుకి పెద్ద రెక్కలు, ముందు అంతా ఓపెన్. వాటి ఓనర్లు కూడా ఎక్కువగా మాట్లాడుకునేది ఫ్యాన్ గురించి కాదు, లీక్ టెస్ట్ గురించే. క్రాంక్‌కేస్‌లో (పిస్టన్ కింద క్రాంక్ తిరిగే గది) 6 పిఎస్ఐ ఒత్తిడి పెట్టి ఆరు నిమిషాలు చూస్తారు, నిమిషానికి ఒక పిఎస్ఐ కంటే ఎక్కువ పడిపోతే ఇంజన్ స్టార్ట్ కూడా చేయరు.

లంకపొలం

ఆ టెస్ట్ ఇక్కడ ఎవరు చేస్తారన్నా? నేను అడిగిన ఇద్దరు మెకానిక్‌లూ ఎప్పుడూ వినలేదన్నారు.

విదేశీ_చక్రాలు

నువ్వే చేసుకోవచ్చు, మెషిన్ అక్కర్లేదు. బీపీ చూసే పాతరకం గడియారం పరికరం, చేత్తో నొక్కే బల్బుతో ఉంటుంది కదా, అది చాలు. దాని ముల్లు 300 దాకా వెళ్తుంది, 300 అంటే సుమారు 5.8 పిఎస్ఐ, సరిగ్గా మనకి కావాల్సింది. గుడ్డ పట్టీ తీసేసి ట్యూబు వాడుకో.

సైలెన్సర్ విప్పి ఆ రంధ్రానికి మందపాటి రబ్బరు షీటు, దాని మీద రేకు ముక్క పెట్టి బోల్టులతో బిగించు. కార్బొరేటర్ తీసి ఇన్‌లెట్ రబ్బరులోకి పట్టే సైజు పైపు ముక్క దూర్చు, దానికి లోపలి పిన్ను తీసేసిన సైకిల్ ట్యూబు వాల్వు బిగించి ఉండాలి, అక్కడనుంచి గాలి కొట్టాలి. పిస్టన్ కిందికి దింపి ఉంచు. ప్లగ్గు బిగించే ఉండాలి. బల్బు నొక్కి 300కి తెచ్చి వదిలెయ్, ముల్లు చూస్తూ కూర్చో. పడిపోతుంటే సబ్బు నీళ్ళు బ్రష్‌తో రాయి, ముందు నువ్వు బిగించిన మూతల దగ్గర రాయి, లేకపోతే అవే లీకై ఇంజన్‌ని అనుమానిస్తావు. తర్వాత ఇన్‌లెట్ రబ్బరు, బ్లాకు కింద ప్యాకింగ్, హెడ్. చివరికి మ్యాగ్నెటో ఊడదీసి దాని వెనక క్రాంక్ చుట్టూ ఉండే రబ్బరు ఆయిల్ సీలు.

పాత_ఆటోషెడ్డు

50 ఏళ్ళుగా స్పానర్ పట్టుకున్నాను, ఈ బీపీ బల్బు ఉపాయం నాకూ కొత్తే. మేము చెవితోనే పట్టేవాళ్ళం. చాలా బాగుంది బాబూ.

ఒకటి కలుపుతా. సీళ్ళు రెండు ఉంటాయి. మ్యాగ్నెటో వైపుది పోతే గాలి లాగుతుంది, ఇంజన్ పలచబడి వేడెక్కుతుంది. క్లచ్ వైపుది పోతే గేరు ఆయిల్ లాగుతుంది, తెల్ల పొగ విపరీతంగా వస్తుంది, గేరు ఆయిల్ తగ్గుతుంది. నువ్వు పొగ మాటే ఎత్తలేదు కాబట్టి నా అనుమానం మ్యాగ్నెటో వైపే. బోరింగ్ చేసినప్పుడు క్రాంక్ విప్పరు, కాబట్టి పాత సీలు అలాగే ఉండిపోయి ఉంటుంది.

గడ్డిపరక

నేను ఫ్యాన్ చెప్పాను, వెనక్కి తీసుకుంటున్నా. ఇంకో డౌట్, వేడెక్కినప్పుడు పక్కనే కాలవ ఉంటే బ్లాకు మీద నీళ్ళు కొట్టొచ్చా?

వేడిలెక్కలు

వద్దు. బయట బ్లాకు ఒక్కసారి ముడుచుకుంటుంది, లోపల పిస్టన్ ఇంకా ఉబ్బే ఉంటుంది, అక్కడే పట్టేస్తుంది. రెక్కలు పగలొచ్చు కూడా. ఆపి నీడలో వదిలేయండి. ఆపలేని పరిస్థితైతే లోడు దించి ఖాళీ బండిని మెల్లగా నడపండి, నిలబెట్టి స్లోలో తిప్పితే చల్లబడదు, గాలి ఏదీ?

లంకపొలం

పది రోజులు ఆలస్యంగా వస్తున్నా, అందరూ క్షమించాలి, నీళ్ళు పెట్టే పనిలో ఉన్నాం.

కొత్త బోరింగ్, పిస్టన్ అయ్యాక ఇంజన్ బిగించకముందే టెస్ట్ చేశా. మా బాబాయి వాళ్ళ ఇంట్లో మూలన పడున్న బీపీ పరికరం దొరికింది. 300కి తెచ్చి వదిలితే చూస్తుండగానే ముల్లు 220, 180, నిమిషం కాకముందే 100 కిందికి. సబ్బు నీళ్ళు రాస్తే మూతల దగ్గర ఏమీ లేదు, ప్యాకింగ్ దగ్గర ఏమీ లేదు. మ్యాగ్నెటో పుల్లర్‌తో ఊడదీసి వెనక బ్రష్ పెట్టా. బాబాయ్, సీలు చుట్టూ తెల్లగా నురగ పొంగింది, పాలు పొంగినట్టే. ఆ సీలు పెదవి వేలితో తాకితే ప్లాస్టిక్ లాగా గట్టిగా ఉంది, క్రాంక్ తిప్పితే ఒక పక్క సన్న సందు కంటికే కనబడింది.

కార్బొరేటర్ బయట పెట్టుకుని చూస్తే ఇంకోటి కూడా దొరికింది. పాత ఆయిల్ పంపు తీసేశాక ఆ సన్న పైపు వచ్చి చేరే ముక్కుకి రబ్బరు ట్యూబు ముక్క తొడిగి దాని చివర స్క్రూ బిగించారు. ఆ రబ్బరు నిలువునా చీలి ఉంది. ఇథనాల్‌కో ఎండకో తెలీదు, నొక్కితే విరిగింది.

రెండు సీళ్ళూ కొత్తవి వేయించి ఆ ముక్కు గట్టిగా మూయించాను. మళ్ళీ టెస్ట్ చేస్తే ఆరు నిమిషాల్లో 300 నుంచి 290.

బెజవాడ_135

సూపర్ తమ్ముడూ! మరి జెట్?

లంకపొలం

వేశా అన్నా, లీకు సరిచేశాకే. ఉన్నదానికంటే ఒక్క సైజు పెంచి, ఫుల్ రేస్‌లో లాగించి కీ ఆఫ్ చేసి క్లచ్ పట్టి ఆపి ప్లగ్గు చూస్తే లేత ఇటుక రంగు వచ్చింది. ముందు రేకుకి జానెడు కిటికీ కోయించి, రెండు పక్కలా రేకు వంచి గాలి నేరుగా బ్లాకు మీదికి వచ్చేట్టు చేశాం. రెక్కల మధ్య రెండేళ్ళ బురద, ఆయిలు కలిసి గట్టిపడిపోయి ఉంది, హాక్సా బ్లేడుతో గీకితే అరచేతినిండా వచ్చింది. వెనక స్ప్రాకెట్ కూడా 39 పళ్ళది తీసి 48 వేయించా, ఇసకలో ఇంజన్ ఇదివరకులా మూలగడం లేదు, స్పీడు తగ్గింది కానీ నాకు స్పీడుతో పని లేదు.

పాత_ఆటోషెడ్డు

స్ప్రాకెట్ నేను చెప్పాలనుకుని మర్చిపోయిన సంగతి, నువ్వే చేశావు. యాక్సిలరేటర్ వదిలితే స్లో?

లంకపొలం

వదిలిన మరుక్షణం దిగుతోంది బాబాయ్. నిన్న డ్రమ్ము నిండా నీళ్ళతో మిట్టమధ్యాహ్నం నాలుగు ట్రిప్పులు వేశాను. మొదటి ట్రిప్పు అయ్యాక ఆపి చెయ్యి దగ్గరగా పెట్టి చూసుకున్నా, రెండో దానికీ చూసుకున్నా, నాలుగోదానికి చూడటం మర్చిపోయి గెలలు ఎక్కించే పనిలో పడ్డాను.